హెడ్‌సెట్‌కు లక్షా ముప్పై వేలా?

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని, ఖమ్మం జిల్లా. రెండేళ్లలో రిటైర్‌మెంట్. ఇల్లు తాకట్టు పెట్టి మా అబ్బాయి పైలట్ ట్రైనింగ్‌కు ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం. వచ్చే నెల మహారాష్ట్రలోని బారామతిలో ఫ్లయింగ్ స్కూల్‌లో చేరుతున్నాడు. సొంత హెడ్‌సెట్ ఉండాలట. శబ్దాన్ని తగ్గించే ఏఎన్‌ఆర్ రకం రూ.1.30 లక్షలు, మామూలుది రూ.38 వేలు చెబుతున్నారు. ఖరీదైనదే కొనుక్కుంటాను, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెడదాం అంటున్నాడు. ఇంట్లో నాయిస్ క్యాన్సిలింగ్ బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఉంది కదా, అది చాలదా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ బ్లూటూత్ సంగతి తేల్చేద్దాం. అది పనికిరాదు. విమానంలో మైక్‌కు ఒక ప్లగ్, వినడానికి ఇంకో ప్లగ్ ఉంటాయి. మైక్ పెదవులకు ఆనేంత దగ్గరగా ఉండాలి. పాటల హెడ్‌ఫోన్‌కు మైక్ తగిలించే అడాప్టర్లు దొరుకుతాయి కానీ, బ్యాటరీ అయిపోతే ఆ మెత్తటి కప్పులు చెవిని పెద్దగా కాపాడవు.

ఇక అసలు విషయం. నేను పైలట్‌ను కాను. నా క్లయింట్ ఒకాయన ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్. ఓసారి ఆయన ఫ్లాట్‌కు వెళ్లినప్పుడు కరెంటు పోయి కింద జనరేటర్ ఆన్ అయింది. ఆయన తన ఏఎన్‌ఆర్ హెడ్‌సెట్ తెచ్చి నా తలకు పెట్టి స్విచ్ వేశారు. జనరేటర్ 'గుయ్' మనే మోత పోయింది, రేకు తలుపు టకటకలు మాత్రం సన్నగా వినిపిస్తూనే ఉన్నాయి. ఏఎన్‌ఆర్ పని అంతే. ఇంజిన్, ప్రొపెల్లర్ చేసే బరువైన మోతకు ఎదురు శబ్దం పుట్టించి దాన్ని చంపుతుంది. సన్నటి శబ్దాలను ఆపాల్సింది కప్పు, దాని అంచున ఉండే మెత్త. ఆ తర్వాత ఆయన నా కళ్లజోడు కాడను కాస్త పైకి లేపారు. అంతే, మోత మళ్లీ లోపలికి వచ్చేసింది. అబ్బాయికి కళ్లజోడు ఉంటే, అది పెట్టుకునే హెడ్‌సెట్ ట్రై చేయమనండి. సన్న కాడల ఫ్రేమ్‌కు అయ్యే రెండు మూడు వేలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

అలాగని శబ్దాన్ని తేలిగ్గా తీసుకోమనడం లేదు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు పరిమితి అనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ సమయం సగానికి పడిపోతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. అంటే 94 దగ్గర ఒక్క గంటే. చిన్న విమానం కాక్‌పిట్‌లో 90 దాటడం మామూలు. పైలట్ లైసెన్సుకు కావాల్సిన డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) క్లాస్-1 మెడికల్‌లో వినికిడి పరీక్ష ఉంటుంది. మీరు ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుకు అసలు హామీ అబ్బాయి చెవులూ కళ్లే. అందుకే పదివేలకు వస్తోందని పేరూ ఊరూ లేని బ్రాండ్ కొనొద్దు.

కానీ మంచి మామూలు హెడ్‌సెట్ అంటే నాసిరకం కాదు. ఉదాహరణకు డేవిడ్ క్లార్క్ హెచ్10-13.4లో బ్యాటరీ ఉండదు, శబ్దం తగ్గించే రేటింగ్ 23 డెసిబెల్స్, వారంటీ ఐదేళ్లు. చెవి మెత్తలు, మైక్ స్పాంజి విడిగా దొరుకుతాయి. ఎండాకాలం చెమటకు మెత్తలు పాడైనా వాటిని మారిస్తే చాలు. మోత మరీ ఎక్కువగా ఉందనిపిస్తే కింద ఫోమ్ ఇయర్‌ప్లగ్ పెట్టుకుని రేడియో వాల్యూమ్ పెంచుకునేవాళ్లు చాలామంది. బరువు తల మీద తెలుస్తుంది, అది నిజమే. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగిరే సుదూర క్రాస్‌కంట్రీలలో ఏఎన్‌ఆర్ ఉంటే అలసట తగ్గుతుందన్నదీ నిజమే. అబ్బాయి అడిగేది పూర్తిగా గొంతెమ్మ కోరికేం కాదు.

అయితే 'రేపు ఎయిర్‌లైన్‌లోనూ ఇదే వాడుకుంటా' అంటే మాత్రం నమ్మకండి. ఎయిర్‌బస్‌లో ప్లగ్ వేరు, 5 పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్. జెట్ కాక్‌పిట్‌లో మోతా తక్కువే, అక్కడ తేలికపాటి హెడ్‌సెట్‌లు ఎక్కువగా వాడతారు.

సీపీఎల్‌కు, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకు, కావాల్సింది 200 గంటల ఫ్లయింగ్. ఆ గంటలకే పంచితే మామూలుది గంటకు రూ.190, ఏఎన్‌ఆర్ రూ.650. ఈఎంఐ కలిపితే ఇంకా పెరుగుతుంది. 15% వడ్డీకి 12 నెలలు పెడితే వడ్డీ సుమారు రూ.10,800, ఆ వడ్డీ మీద 18% జీఎస్టీ మరో రూ.1,900 పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు వేరు. రిటైర్‌మెంట్ ముందు మీ కార్డు మీద ఈ భారం వద్దు. ఎడ్యుకేషన్ లోన్‌లో పుస్తకాలు, పరికరాల ఖర్చు కలిపే వీలు ఉంటుంది. మీకు మంజూరైన మొత్తంలో ఆ పద్దు ఉందేమో బ్రాంచిలో అడగండి. ఉంటే మామూలు హెడ్‌సెట్ బిల్లు అందులోంచే కట్టించండి.

నా మాట: ఇప్పుడు రూ.38 వేలదే కొనండి. కోర్సు పూర్తయి వెళ్లిపోతున్న సీనియర్ ఎవరైనా మంచి బ్రాండ్ ఏఎన్‌ఆర్‌ను రూ.65 వేల లోపు ఇస్తే మాత్రం అది తీసుకోవచ్చు. అప్పుడు కొత్తది అక్కర్లేదు. కానీ పాత బిల్లు అడగాలి, వైరును చేత్తో వంచి చూడాలి, విమానంలో పెట్టి ఒక గంటైనా విన్నాకే డబ్బు ఇవ్వాలి. ఏది కొన్నా ముందు స్కూల్‌కు ఫోన్ చేసి వాళ్ల విమానాల్లో ఏ ప్లగ్ ఉంటుందో కనుక్కోండి. హెలికాప్టర్ ప్లగ్ వేరే రకం. తక్కువకు వచ్చిందని దాన్ని కొనేసి తర్వాత అడాప్టర్ కోసం తిరిగినవాళ్లున్నారు.

మామూలుది కొంటే మిగిలే రూ.92 వేలను స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (అవసరమైతే ఖాతాలోంచే తీసుకోగలిగే డిపాజిట్) వేసి ఉంచండి. వానాకాలంలో విమానాలు రోజుల తరబడి ఆగుతాయి, హాస్టల్ బిల్లు మాత్రం ఆగదు. చెక్ ఫ్లైట్‌లో (విమానం నడిపి చూపే పరీక్షలో) తప్పితే అదనపు గంటలకు మళ్లీ కట్టాలి. డబ్బు కావాలని అబ్బాయి ఫోన్ చేసిన రోజున మీరు కార్డు బయటికి తీయక్కర్లేదు.