ముందు చెవి చూపించు తల్లీ

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

పిల్లవాడికి రెండేళ్ళ నాలుగు నెలలు నిండినా ‘అమ్మ’, ‘తాత’, ‘బువ్వ’ తప్ప మాటలు రాలేదనీ, మూడేళ్ళు వచ్చేదాకా ఆగమని మీ అత్తగారు అంటున్నా వినకుండా వచ్చే సోమవారం నుంచి స్పీచ్ థెరపీకి తీసుకువెళుతున్నావనీ, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడాలనుకుంటున్నావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. పెద్దవాళ్ళ మాట కాదనడం నా వల్ల కాలేదు కనుక నీ ధైర్యానికి గర్వపడ్డాను. చెవి పరీక్ష చేయించారా అని అడిగితే మాత్రం మీ అమ్మ, ‘వాడికి చెవులకేం వదినా, కుక్కర్ కూస్తే పరుగెత్తుకొస్తాడు’ అంది. ఆ మాటతో రాత్రంతా నాకు నిద్ర లేదు.

మీ బావ సంగతి నీకు తెలిసింది సగమే. వాడు 1983లో పుట్టాడు. రెండేళ్ళు దాటినా మాటలు రాకపోతే మా అత్తగారు, మగపిల్లలకు ఆలస్యమేననీ, వాళ్ళ నాన్నకూ నాలుగో ఏట వచ్చాయనీ అన్నారు. వసకొమ్ము సానమీద అరగదీసి నాలుకకు రాశారు. వాడు రెండుసార్లు వాంతి చేసుకున్నా నేను నోరెత్తలేదు. నాలుక మందమని ఒకరు, నాలుక కింద పొర కోయించమని మరొకరు చెప్పారు. బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని కదా, నాకూ కాస్త తెలివి ఉందనుకుని నేనే ఒక పరీక్ష పెట్టాను. వాడు వంటింటి గడప మీద ఆడుకుంటుంటే వెనక నిలబడి స్టీలు పళ్ళేన్ని గరిటెతో కొట్టాను. వాడు గిరుక్కున తిరిగాడు. చెవులకు లోటు లేదని ఆ రోజే తేల్చేసుకున్నాను.

పళ్ళెం మోతకు తిరిగిన చెవికి మాట అందుతుందన్న నమ్మకం లేదు. గట్టి చప్పుళ్ళకు సగం చెవుడున్న పిల్లలు కూడా తిరుగుతారు. మాటలో ‘స’, ‘త’, ‘క’ వంటి ధ్వనులు సన్నగా వస్తాయి. అవి అందని పిల్లవాడికి మన మాటంతా ఎక్కడో గోడ అవతల గొణుగుడులా చేరుతుంది. నాకు తట్టవలసిన గుర్తు కళ్ళముందే ఉంది. కరెంటు పోయిన రాత్రుళ్ళు వాడు నా గడ్డం పట్టుకుని లాంతరు వైపు తిప్పేవాడు. ముద్దు చేస్తున్నాడనుకుని మురిసిపోయేదాన్ని. నా పెదవులు కనిపించకపోతే నేనేమంటున్నానో వాడికి తెలియడం లేదని నాలుగున్నరేళ్ళ వయసులో, హైదరాబాదులో చెవి పరీక్ష చేసిన అమ్మాయి చెప్పింది. అప్పట్లో వినికిడి మిషనును జేబులో పెట్టుకుని, తీగను చొక్కా లోపలి నుంచి చెవికి తీసేవారు. వాడి బనీన్లన్నిటికీ గుండె దగ్గర జేబులు కుట్టాను. ఈ రోజుకూ వాడికి ‘స’, ‘ష’ సరిగా తిరగవు. నువ్వు ఆరేళ్ళప్పుడు వాడిని వెక్కిరిస్తే చెంప మీద కొట్టాను, గుర్తుందా? ఆ దెబ్బ నిజానికి నేను తినవలసింది.

అందుకని థెరపీ మానమనడం లేదు, దానికి ముందు ఆడియాలజిస్టుకు, అంటే వినికిడి పరీక్షించే నిపుణులకు, చూపించమంటున్నాను. చెవిలో చిన్న గొట్టం పెట్టి లోపలి చెవి స్పందన చూసే ఓఏఈ పరీక్ష కొద్ది నిమిషాల పని. చప్పుడు మెదడుదాకా చేరుతోందా అని చూసే బెరా పరీక్ష పిల్లవాడు నిద్రలో ఉండగా చేస్తారు కనుక ఆ రోజు దారిలో కునుకు తీయకుండా చూసుకో. పుట్టినప్పుడు పరీక్ష సరిగానే వచ్చిందని ఊరుకోవద్దు. జలుబు చేసినప్పుడు కర్ణభేరి వెనక నీరు చేరినా వినికిడి మందగిస్తుంది. మీవాడికి ఏడాదంతా ముక్కు కారుతూనే ఉంటుందట కదా. హైదరాబాదు వస్తానంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాలకు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

రెండేళ్ళు నిండేసరికి సుమారు 50 మాటలు, ‘పాలు వద్దు’ వంటి జంట మాటలు రావాలంటారు, కాబట్టి నీ ఆందోళన ఉత్తదేమీ కాదు. చెవులు బాగున్నాయని తేలితే, పేరు పెట్టి పిలిచినా చూడకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం వంటివి ఉన్నాయేమో గమనించి పిల్లల డాక్టరుకు చెప్పు. ఫోను చేతికివ్వడం తగ్గించు. చుట్టాల ముందు ‘అత్త అను, అను’ అని వాణ్ణి నిలబెట్టకు.

తెలుగు మానేయడం మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. నువ్వు అలవాటుగా, ధారాళంగా మాట్లాడే మాటే వాడికి కావాలి. పాలు పొంగితే నువ్వు కంగారుగా అరిచేది కూడా తెలుగులోనే కదా! స్నానం చేయిస్తూ, పప్పు కలుపుతూ, చేస్తున్న పనిని చేస్తున్నట్టుగా వాడికి చెబుతూ ఉండు. వాడి ముఖానికి ఎదురుగా కూర్చుని చెప్పు.

మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకు. మా అత్తగారూ ప్రేమతోనే వస అరగదీశారు. పరీక్ష తేదీ ఖాయం కాగానే ఫోను చెయ్యి. నేనూ మీ బావా తత్కాల్‌లో టిక్కెట్లు చేయించుకుని వస్తాం. కొత్త మిషనును చెవి నుంచి తీసి పిల్లలకు చూపించడమంటే మీ బావకు మహా సరదా.

మీ అత్తయ్య