లేజర్ రీసెర్చ్ చేస్తానంటోంది, ఎంసీఏ వద్దంటోంది

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. లేజర్ కొడితే గ్యాస్ అణువులు హై హార్మోనిక్ కాంతి ఇస్తాయట, దాని మీదే పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఎంసీఏ చేయమంటే వినడం లేదు. ఈ చదువుకు ఉద్యోగం ఉంటుందా?
- ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మీ అమ్మాయిది గాలివాటు ఆసక్తి కాదండీ. ఫెమ్టోసెకండ్ల (ఒక్కోటి సెకనులో వెయ్యి లక్షల కోట్ల వంతు) పాటే ఉండే బలమైన లేజర్ పల్స్ నైట్రోజన్ మీద పడితే అణువులోంచి ఎలక్ట్రాన్ బయటికొస్తుంది. లేజర్ క్షేత్రం దిశ మారగానే వెనక్కొచ్చి అదే అణువును ఢీకొడుతుంది. అప్పుడు వచ్చేదే హై హార్మోనిక్ కాంతి; దాని ఫ్రీక్వెన్సీ లేజర్ ఫ్రీక్వెన్సీకి బేసి రెట్లలో, ఎక్కువగా అతినీలలోహిత ప్రాంతంలో ఉంటుంది. ముందే మరో బలహీనమైన పల్స్‌తో అణువులను ఒకే దిశలోకి తెస్తే, ఏ కోణంలో ఎంత కాంతి వస్తోందో కొలిచి ఎలక్ట్రాన్ ఆర్బిటాల్ (అణువులో ఎలక్ట్రాన్ పరుచుకుని ఉండే చోటు) ఆకారం రాబట్టవచ్చు. 2004లో కెనడాలోని ఒటావాలో నైట్రోజన్‌తో ఇది చేసి చూపించారు. 2023 ఫిజిక్స్ నోబెల్ కూడా ఈ రంగానికే, ఆటోసెకండ్ (ఫెమ్టోసెకండ్‌లో వెయ్యో వంతు) పల్స్‌లకే వచ్చింది.

ఇక ఉద్యోగం. ఈ ఒక్క టాపిక్‌నే నమ్ముకుంటే పోస్టులు తక్కువ, ఆ మాట దాచను. కానీ పీహెచ్‌డీలో చేతికొచ్చే పని వేరు: ఆప్టిక్స్ అమర్చడం, వాక్యూమ్ ఛాంబర్లు, డిటెక్టర్లు, పైథాన్‌లో డేటా విశ్లేషణ. లేజర్ కంపెనీలకూ, చిప్ తయారీ యంత్రాలు చేసేవాళ్లకూ కావలసింది ఇవే.

దారి ఇదీ: ఫైనలియర్‌లో ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీ, తర్వాత నెట్ లేదా జెస్ట్ పరీక్ష, ఆపై పీహెచ్‌డీ. జేఆర్ఎఫ్ (పరిశోధన విద్యార్థికిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. ముంబై, హైదరాబాద్ టీఐఎఫ్ఆర్‌లలో, ఇండోర్ ఆర్ఆర్‌క్యాట్‌లో, అహ్మదాబాద్ పీఆర్ఎల్‌లో (ఇవన్నీ పరిశోధన సంస్థలు), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బలమైన లేజర్ల మీద పని జరుగుతోంది. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి ఏడెనిమిదేళ్లు పడుతుంది. అంతకాలం ఆమె ఉద్యోగం చేయకపోయినా ఇల్లు గడుస్తుందా అన్నది మీరే చూసుకోవాలి. నిజం చెప్పాలంటే ఈ లెక్క మార్కుల కంటే ముఖ్యం.

ఇప్పుడే ఎంసీఏ కోసం పట్టుబట్టకండి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు ఈసారి అప్లై చేయించండి. చీకటి గదిలో గంటల తరబడి అద్దాలు సరిచేయడం నచ్చుతుందో లేదో ఆ రెండు నెలల్లోనే తెలిసిపోతుంది. నచ్చకపోతే, డిగ్రీలో మ్యాథ్స్ ఉంటే ఐసెట్ రాసి ఎంసీఏలో చేరడానికి అప్పటికీ అవకాశం ఉంటుంది.