వానలో యూరప్ తిరగబోతున్న మేనకోడలికి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, అది ఒక్కతే పోతాదంట, హోటల్ కూడా కాదంట, ఎనిమిది మంది పడుకునే గదంట" అని ఒకటే గోల. నేను పైకి "ఇప్పటి పిల్లలు అంతేలేవే" అనేశాను గానీ నాకూ నిద్ర పట్టలేదు. సగం భయం, సగం గొప్పగా ఉంది. మన ఇంట్లో సముద్రాలు దాటింది నేనొక్కణ్ణే, అదీ ఓడలో ఉద్యోగం కాబట్టి దాటాను, నీలా జీతం దాచుకుని సరదాగా ఊళ్ళు చూడ్డానికి ఎవరూ వెళ్ళలేదు. అది సరే గానీ మీ అమ్మ కంటే ముందు నీ వాట్సాప్ స్టేటస్‌కి తెలియాలా ఈ సంగతి? బుద్ధుండక్కర్లా?

వీసా పనులు నువ్వే చూసుకుంటావు, ఇన్సూరెన్స్ మాత్రం 30,000 యూరోలకి తగ్గకూడదు. రైల్ పాస్ కొంటే మనలాంటోళ్ళకి యూరేల్, ఇంటర్‌రైల్ అక్కడుండేవాళ్ళకి. హాస్టల్ లాకర్‌కి నీ తాళం నువ్వే పట్టుకెళ్ళు. జర్మనీలో ఆదివారం షాపులు మూసేస్తారు, శనివారమే బ్రెడ్డూ పళ్ళూ కొనిపెట్టుకో. ఏదైనా ప్రమాదం అయితే 112కి ఫోన్ చెయ్యి. ఇవన్నీ నీ ఫోనే చెప్తుంది, దీనికి మావయ్య అక్కర్లేదు.

నేను చెప్పాల్సింది వాన గురించి. నవ్వకు. వైజాగ్ పిల్లకి వాన గురించి చెప్పేదేంటి అనుకుంటావు, నిజమే, ఏడాది మొత్తం లెక్క తీస్తే ఆమ్‌స్టర్‌డామ్ కంటే మన ఊళ్ళోనే ఎక్కువ పడుతుంది. కానీ మన వాన ఉరిమి చెప్పి మరీ వస్తుంది, కుమ్మేసి పోతుంది, మనం ఏ షాపు ముందో నిలబడి తగ్గాక ఇంటికెళ్తాం. అక్కడిది సన్నగా తుంపరలా రోజంతా పడుతూనే ఉంటుంది, ఇంతోటి దానికి గొడుగెందుకు అనిపిస్తుంది, మధ్యాహ్నానికి చూసుకుంటే లోపల బట్టల దాకా తడిసిపోయి ఉంటావు. పైగా ఆ సముద్రం గాలికి గొడుగు తిరగబడిపోతుంది. టోపీ ఉన్న రెయిన్ జాకెట్ మంచిది కొను, డబ్బులు చాలకపోతే నన్నడుగు. జీన్స్ ఒక్కటి కూడా పెట్టకు, తడిస్తే రెండ్రోజులకీ ఆరవు. ఆరిన సాక్స్ ఒక జత ఎప్పుడూ ప్లాస్టిక్ కవర్లో బ్యాగులో ఉండాలి, రాత్రి పడుకునే ముందు బూట్లలో పాత పేపర్లు కుక్కిపెట్టు, పొద్దున్నకి తడి పీల్చేస్తాయి. ఇంకోటి, అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత నవంబర్లో హాంబర్గ్‌లో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, అందుకని ఊరు మారే రోజు పొద్దున్న రైలే ఎక్కు.

ఇప్పుడు ఆంట్వెర్ప్ సంగతి చెప్తా, బెల్జియంలో రేవు పట్నం అది. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు ఇది.

1980ల్లో, నేను జూనియర్ ఇంజినీర్‌ని, కొత్త. ఓడలో స్టీలు ఎక్కిస్తున్నారు, సాయంత్రం దాకా బయటికెళ్ళి రమ్మన్నారు. అక్కడ రేవులో ప్రతి గట్టుకీ ఒక నంబర్ ఉంటుంది, ఆ నంబర్ చెప్తేనే టాక్సీవాడికి ఓడ ఎక్కడుందో తెలిసేది. నేనేం చేశానంటే ఆ నంబర్ అరచేతిలో ఇంకు పెన్నుతో రాసుకున్నాను, పరీక్షలో కాపీ కొట్టేవాడిలా. ఊళ్ళో కెథడ్రల్, అదే పెద్ద చర్చి చూశాను, లోపల రూబెన్స్ అనే పాతకాలం చిత్రకారుడి బొమ్మలు ఎంత పెద్దవో, మెడ నొప్పెట్టేదాకా చూస్తూ ఉండిపోయాను. బయటికొచ్చి సన్న వానలో ఓ గంట తిరిగి చెయ్యి చూసుకుంటే నీలం మరక తప్ప ఏం లేదు.

అప్పుడు అడగాలి కదా ఎవర్నైనా? అడగలేదు. ఇంజినీర్‌ని, నా ఓడ ఎక్కడుందో నాకే తెలీదంటే నవ్వుతారని. తెలివి ఉపయోగించాను. మన వైజాగ్‌లో ఓడలు ఊళ్ళోంచే కనపడతాయి కదా, షెల్ట్ నది పట్టుకుని ఉత్తరంగా నడిస్తే ఎక్కడో ఒకచోట మన ఓడ తగలకపోదు అనుకున్నాను. ఆ రేవు దాదాపు హాలండ్ సరిహద్దు దాకా ఉంటుందని, ఓడలు నది మీద కాదు లాక్ గేట్లు, అంటే నీటి మట్టం ఆపే తలుపులు దాటి లోపల తవ్విన డాకుల్లో ఉంటాయని, వచ్చినప్పుడు ఇంజిన్ రూమ్‌లో ఉన్న నాకేం తెలుసు? నడిచి నడిచి నెపోలియన్ కాలంలో తవ్విన పాత డాకుల దగ్గర తేలాను, పెద్ద ఓడ ఒక్కటి లేదు, అన్నీ చిన్న పడవలే. దారి పొడుగునా దీపాలు పెట్టిన కాఫీ కొట్లు, లోపల జనం, అద్దంలోంచి నన్ను చూస్తున్నారు కూడా, నేను మాత్రం పనున్నవాడిలా మొహం పెట్టుకుని దాటిపోయాను. చీకటి పడింది, పళ్ళు కొట్టుకుంటున్నాయి, ఓడ వెళ్ళిపోతే నా పాస్‌పోర్ట్ కూడా ఓడలోనే ఉందన్న ఆలోచన వచ్చి కాళ్ళు ఆడలేదు. చివరికి నిలబడలేక ఒక కొట్టులోకి దూరితే అక్కడున్న పెద్దావిడ ఏమీ అడక్కుండా తువ్వాలు ఇచ్చి, వేడి సూప్ పెట్టి, అప్పుడు ఓడ పేరేంటని అడిగింది. ఓడవాళ్ళ కోసం ఉండే సీమెన్స్ క్లబ్బుకి ఫోన్ చేసింది, గట్టు నంబర్ తెలియడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. టాక్సీకి నేను కోటు కొందామని దాచుకున్న డబ్బంతా అయిపోయింది. ఓడ కదల్లేదు, ఎందుకో తెలుసా, వాన పడితే స్టీలు ఎక్కించరు, హ్యాచ్‌లు, అదే సరుకు గదుల మూతలు మూసేసి కూర్చుంటారు, అందుకే లేటైంది. సెకండ్ ఇంజినీర్ తిట్టిన తిట్లు నీకు రాయకూడదు. ఆ తడికి వచ్చిన జ్వరంతోనే బిస్కే అఖాతం దాకా డ్యూటీ చేశాను.

ఇదంతా ఎందుకంటే నువ్వు నా పోలికే. సింహాచలం చందనోత్సవంలో తప్పిపోయిన రోజు నీకు గుర్తుందో లేదో, ఇంతున్నావు, మేమంతా గుండెలు బాదుకుని వెతుకుతుంటే నువ్వు స్తంభం పక్కన నోరు మూసుకుని నిలబడున్నావు, పక్కనే పోలీసు కూడా ఉన్నాడు. ఎందుకడగలేదే అంటే "నేను తప్పిపోలేదు, మీరే తప్పిపోయారు" అన్నావు. అందరూ నవ్వారు, నాకు మాత్రం ఆ డాకులు గుర్తొచ్చాయి. నీకు దొంగలంటే జాగ్రత్త అని నేను చెప్పను, అది మీ నాన్న చెప్తాడు. తడిసి, ఫోన్ చచ్చి, ఎవర్నీ అడక్కుండా ఏ వీధిలోనో మొండిగా నడుస్తూ ఉంటావేమోనని నా భయం. కనపడిన కొట్టులోకి దూరిపో తల్లీ. కాఫీ కొను, కూర్చో, అడుగు. ఏ ఊరికెళ్ళినా ఆ హాస్టల్ అడ్రస్ కాగితం మీద పెన్సిల్‌తో రాసుకో, పెన్సిల్ నీళ్ళకి పోదు, జిప్ కవర్లో పెట్టి లోపలి జేబులో పెట్టుకో. ఫోన్లో ఉంది కదా అనకు.

ఆంట్వెర్ప్‌లో నేను తేలిన ఆ పాత డాకుల మధ్యలోనే ఇప్పుడు మాస్ అని పెద్ద మ్యూజియం కట్టారు, 2011లో. టికెట్ లేకుండానే ఎస్కలేటర్ల మీద పైకప్పు దాకా ఎక్కొచ్చు, ఎక్కి ఉత్తరం వైపు చూడు, మీ మావయ్య ఎంత దూరం నడుద్దామనుకున్నాడో తెలుస్తుంది. వాన ఎక్కువైతే నది కిందకి దిగు, 1933లో కట్టిన నడకదారి సొరంగం ఉంది, చెక్క ఎస్కలేటర్లు ఇంకా తిరుగుతున్నాయి. హాంబర్గ్‌లోనూ ఎల్బే నది కింద 1911 నాటిది ఒకటుంది, నడిచేవాళ్ళకి ఉచితం. ఆమ్‌స్టర్‌డామ్ స్టేషన్ వెనకాల ఫెర్రీ కూడా ఫ్రీయే, ఊరికే అటూ ఇటూ తిరుగు. నార్వేలో బెర్గెన్ ఒక్కటి ఆలోచించు, ఏడాదికి 2,000 మిల్లీమీటర్లు దాటి పడే ఊరు, ఖర్చు కూడా మామూలుగా ఉండదు, రెండు వారాల్లో ఇన్ని ఊళ్ళంటే రైళ్ళే చూస్తావు. తీసెయ్యమనట్లేదు. నాకైతే మళ్ళీ చూడాలనుంది, నువ్వెళ్తే ఫొటోలు పంపు.

మీ అమ్మ నెయ్యి సీసా సర్దుతానంటోంది, పాలతో చేసినవీ మాంసం సరుకులూ బయటి నుంచి తేనివ్వరు అక్కడ, కందిపొడి ఒక్కటి పట్టుకెళ్ళు. నెయ్యి సంగతి నేను దానికి నచ్చజెప్తాను, నువ్వు హాస్టళ్ళ అడ్రస్‌లు తేదీలతో సహా ఈ ఆదివారం లోపు నాకు పంపు.

మావయ్య