చలికాలంలో పెంచిన ఇన్సులిన్ మోతాదు ఎండాకాలంలోనూ అంతేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. ఉదయం, రాత్రి ఇన్సులిన్ తీసుకుంటారు. సంక్రాంతి తరువాత పరగడుపున 190 వరకు రావడంతో డాక్టర్ మోతాదు పెంచారు. ఇప్పుడు మే నెలలో 85 వస్తోంది. మొన్న తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడింది. చక్కెర కలిపిన నీళ్లు తాగాక తేరుకున్నారు. షుగర్ నయమైందని, ఇన్సులిన్ మానేస్తానని అంటున్నారు. మానవచ్చా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మానకూడదు. షుగర్ నయం కాలేదు. కానీ ఆయన మాటలో కొంత నిజముంది: ఇప్పటి మోతాదు ఆయనకు ఎక్కువైంది. 85 చూసి సంతోషించకండి. ఇన్సులిన్ మీద ఉన్న పెద్దవారిలో అది షుగర్ పడిపోయే అంచుకు దగ్గరగా ఉన్న అంకె.

చలికాలంలో షుగర్ పెరగడం, వేసవిలో తగ్గడం చాలా దేశాల్లో గమనించినదే. చలికి కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లు పెరిగి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. మంచుకు జంకి పొద్దుటి నడక మానేస్తారు. పైగా సకినాలు, అరిసెలు. (డబ్బా ఖాళీ అయ్యేదాకా మన వైపు సంక్రాంతి అయిపోదు.) వరంగల్ ఎండ 42 డిగ్రీలు దాటేసరికి కథ తిరగబడుతుంది. చర్మంలోని రక్తనాళాలు వెడల్పై, సూదితో ఇచ్చిన ఇన్సులిన్ త్వరగా రక్తంలో కలుస్తుంది. ఆకలి మందగించి, రాత్రి కాస్త మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారు. సూది మాత్రం జనవరి లెక్కలోనే పడుతుంది.

అందుకే ఈ రోజే మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఇలా షుగర్ పడిపోయినప్పుడు ఇన్సులిన్ మోతాదును సాధారణంగా 10 నుంచి 20 శాతం తగ్గిస్తారు. మీ నాన్నగారికి ఎంత, ఏ పూట అన్నది ఆయన మూత్రపిండాల పరీక్షలు, వేసుకునే మాత్రలు చూసి నిర్ణయించాలి.

మళ్లీ అలా జరిగితే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. పెరగకపోతే ఇంకోసారి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. షుగర్ సరిగ్గానే ఉండి మాట తడబడితే అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెద్దవారిలో కొందరికి చెమట, వణుకు రావు. నేరుగా తికమకే మొదలవుతుంది.

ఎండ షుగర్‌ను పెంచనూ గలదు. ఒంట్లో నీరు తగ్గితే అంకె ఎక్కువ వస్తుంది, ఈ వయసులో దాహమూ అంతగా తెలియదు. వేడికి ఇన్సులిన్ కూడా పాడవుతుంది. వాడుతున్న సీసాను 30 డిగ్రీల లోపు ఉంచి, సాధారణంగా నాలుగు వారాల్లో ముగించాలి. మెడికల్ షాపు నుంచి తెచ్చేటప్పుడు బండి డిక్కీలో పెట్టకండి. కరెంటు ఎక్కువసేపు పోతే, సీసాను మూత ఉన్న డబ్బాలో వేసి తడి మట్టికుండలో పెట్టండి. ఫ్రీజర్‌లో అసలు వద్దు. పాడైన ఇన్సులిన్‌కు మోతాదు పెంచుకుంటూ పోయి, కొత్త సీసా తెరిచిన రోజున షుగర్ పడిపోయి వచ్చేవారిని ప్రతి వేసవిలో చూస్తుంటాం.

ఒక వారం పరగడుపున, రాత్రి పడుకునే ముందు వచ్చిన అంకెలు రాసి డాక్టర్‌కు చూపించండి. దీపావళి దాటాక అవి మళ్లీ పెరగవచ్చు. అప్పుడు మోతాదు పెంచితే, దాన్ని హోలీ నాటికి మళ్లీ చూపించుకోవాలా అని ఆ రోజే అడగండి.