అంబుడ్స్‌మన్‌కి రాసే ముందు

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

మీ అమ్మ పెన్షన్ బకాయిల గురించి, ప్రభుత్వ శాఖల మీద జనం ఇచ్చే ఫిర్యాదుల్ని విచారించే అంబుడ్స్‌మన్‌కి నువ్వు రాసిన ఫిర్యాదు చదివాను. సగానికి పైగా ఆ గుమస్తా ఎంత దురుసుగా మాట్లాడాడో ఉంది. నీ కోపం సబబే గానీ, దాన్ని రెండు లైన్లకి కుదించు. ఇలాంటి ఫిర్యాదులు చదివే ఉద్యోగంలోనే తల నెరిసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

చాలా దేశాల్లో అంబుడ్స్‌మన్ శాఖ నిర్ణయాన్ని రద్దు చెయ్యలేడు, సిఫారసు చేస్తాడంతే. 1809లో ఈ పదవిని మొదలుపెట్టిన స్వీడన్‌లో అధికారుల మీద కేసు పెట్టే అధికారం కూడా ఉంది గానీ, 1962లో న్యూజీలాండ్ తెచ్చుకున్న పద్ధతి సిఫారసుదే. మరి ఆయన దగ్గరికి ఎందుకెళ్లాలి అంటావా? శాఖ ఫైలు తెప్పించుకుని చూడగలడు కాబట్టి. నీకు ‘పరిశీలనలో ఉంది’ అని జవాబిచ్చిన కాగితాన్ని నెలల తరబడి ఎవరూ ముట్టుకోలేదని ఆ ఫైలే చెబుతుంది. సిఫారసును పక్కన పడేస్తే సంగతి పార్లమెంటుకి రిపోర్టుగా వెళ్లొచ్చు. అంతదాకా తెచ్చుకోవడం ఏ పై అధికారికీ ఇష్టం ఉండదు.

అందుకని, ఫైల్లో ఎక్కడ వెతకాలో ఆయనకి నీ ఉత్తరం చూపించాలి. ఏ తేదీన దరఖాస్తు ఇచ్చారు, దాని నంబరు ఎంత, ఎవరు ఏం జవాబిచ్చారు, దేనికి అసలు జవాబే రాలేదు, ఇవి వరసగా రాయి. ఆలస్యం, కారణం చెప్పకుండా తిరస్కరించడం, ఇచ్చిన ఆధారం చూడకపోవడం, రూలు తప్పుగా వర్తింపజేయడం ఆయన పరిధిలోకి వస్తాయి. రూలే అన్యాయమైతే అది చట్టసభలో తేలాల్సిన విషయం. రూలే అన్యాయమని నువ్వు రాసిన పేరా కొట్టెయ్.

ముందు శాఖలోనే పైవాళ్లకి ఫిర్యాదు చేశారా? అది చెయ్యకపోతే మామూలుగా వెనక్కి పంపేస్తారు. గడువు కూడా చూసుకో. బ్రిటన్‌లో అయితే సంగతి తెలిసిన 12 నెలల్లోగా, అదీ ఎంపీ ద్వారా వెళ్లాలి. ఒక్కో దేశంలో ఒక్కో పద్ధతి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది అప్పీలు విషయంలో. అంబుడ్స్‌మన్ విచారణ నడుస్తోంది కదా అని కోర్టు గడువు ఆగుతుందనుకోకు. మరోపక్క, కోర్టులో ఉన్న వ్యవహారాన్ని ఆయన సాధారణంగా ముట్టుకోడు. ఏది ముందో తేల్చుకోవడానికి ఆ ఆఫీసుకే ఫోన్ చేసి అడుగు. డబ్బు తీసుకోరు, లాయరూ అక్కర్లేదు.

చివర్లో ‘న్యాయం చెయ్యండి’ అని రాశావు. ఏం కావాలో చెప్పు: బకాయి ఎంత, ఏ తేదీ నుంచి వడ్డీ, రికార్డులో ఏ తప్పు దిద్దాలి. క్షమాపణ కూడా అడుగు, మీ అమ్మకి అది డబ్బుకన్నా ఎక్కువేమో!

ఒరిజినల్స్ పంపకు, జిరాక్సులు చాలు. శాఖ ఇచ్చిన ఆఖరి జవాబు నీ దగ్గరుందో లేదో ముందు అది చూసి నాకు చెప్పు.

నీ పెద్ద మామయ్య