ఫీజు కట్టేముందు పనిబల్ల చూడు

"అక్కా, హైదరాబాద్‌లో ఫుట్‌వేర్ డిజైన్ డిగ్రీ అయిపోయింది. బ్యాగులు, తోలు వస్తువుల డిజైన్ చదవడానికి ఇటలీ రావాలనుకుంటున్నా. మిలాన్‌లో ఒక సీటు, ఫ్లోరెన్స్‌లో ఒక సీటు వచ్చాయి. ఏది మంచిది? నాన్నేమో, చెప్పులు కుట్టడం నేర్చుకోవడానికి ముప్ఫై లక్షలా అంటున్నాడు."

ఖమ్మం నుంచి ఒక చెల్లి రాసింది. పదమూడేళ్ళుగా నేను ఫ్లోరెన్స్ పక్కన స్కాందిచ్చిలో బ్యాగులకి ప్యాటర్న్‌లు, అంటే తోలు కోయడానికి కొలతల అచ్చులు, తీసే పనిలో ఉన్నాను. ఇదే ప్రశ్న ఊరి పేర్లు మారి నాకు చాలాసార్లు వచ్చింది. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

చెల్లీ, మిలానా ఫ్లోరెన్సా అన్నది తర్వాత. ముందు ఆ రెండు కాలేజీలనూ ఒక మాట అడుగు. వారానికి ఎన్ని గంటలు నన్ను పనిబల్ల దగ్గర నిలబెడతారు? నా చేత్తో నేను కోసి, పలచన చేసి, కుట్టే గంటలు ఎన్ని? బ్రోషర్‌లో అందమైన ఫోటోలుంటాయి, ఈ లెక్క ఉండదు. అడిగితే చెప్తారు. నసిగితే అదే జవాబు అనుకో.

ఇది ఊరికే చెప్పడం లేదు. నేను వచ్చిన కొత్తలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఏడాది కోర్సుకి అప్పు చేసి ఫీజు కట్టాను. పేరు వద్దు. క్లాసులో ముప్ఫై మందికి పైగా ఉండేవాళ్ళం, తోలు పలచన చేసే మెషీన్ మాత్రం ఒక్కటే. వారంలో నా వంతు అరగంట. మిగతా రోజులన్నీ మూడ్‌బోర్డులు, కంప్యూటర్ మీద బొమ్మలు. చివర్లో ఇచ్చిన సర్టిఫికెట్‌కి ఇటలీ ప్రభుత్వ గుర్తింపు లేదు, కాబట్టి దాని మీద ఉద్యోగం వెతుక్కోవడానికి ఆగే పర్మిట్ రాదని ఆ చివర్లోనే తెలిసింది. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియక, అన్నం తిన్నావా అని మాత్రం అడిగి పెట్టేశాను. నీకు ఆ రాత్రి రాకూడదనే ఇంత రాస్తున్నాను.

పనిబల్ల దగ్గర నేర్చుకునేది ఎలాంటిదో ఒక్కటి చెప్తాను. బ్యాగు అంచు ఎప్పుడైనా దగ్గరగా చూశావా? లోపలికి మడిచి కుట్టిన అంచు సన్నగా, సమంగా ఉంటుంది. బ్యాగు తోలు మందం ఒక మిల్లీమీటరు పైన, ఒకటిన్నర లోపు ఉంటుంది. దాన్ని అలాగే మడిస్తే అంచు లావుగా బొద్దుగా తయారై, కుట్టు వంకర పోతుంది. అందుకే మడిచే పట్టీ వరకు తోలుని సుమారు సగానికి పలచన చేస్తారు. ఈ పలచన చేసే స్కైవింగ్ మెషీన్‌లో గంట ఆకారపు కత్తి గిరగిరా తిరుగుతుంటుంది, కింద రోలర్ తోలుని లాక్కుంటుంది. చేతిని కొంచెం గట్టిగా ఆనిస్తే అంచు కాగితంలా అయిపోయి, మడత మీద చిరుగుతుంది. వదులుగా పట్టుకుంటే అలలు అలలుగా కోస్తుంది. పొట్ట దగ్గరి తోలు మెత్తగా సాగుతుంది, వెన్నెముక దగ్గరిది గట్టిగా నిలబడుతుంది, రెండిటికీ చెయ్యి వేరేగా పెట్టాలి. ఇది ఏ పుస్తకమూ చెప్పలేదు నాకు. కొన్ని వందల ముక్కలు పాడుచేశాక వేళ్ళకే తెలిసింది. ఒక బొమ్మ గీసినప్పుడు ఈ మడత సాధ్యమా కాదా అన్నది ఆ వేళ్ళే చెప్తాయి. అందుకే ఇక్కడ ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ముందు నీ స్కెచ్‌బుక్ చూడరు, సాల్పా ముక్కతో ఒక పర్సు ప్రోటోటైప్ చేసి చూపించమంటారు. సాల్పా అంటే తోలు పొట్టును అదిమి చేసిన అట్ట. అసలు తోలు ఖరీదు కాబట్టి మొదటి నమూనాలన్నీ దాంతోనే.

కాలేజీని ఇంకో రెండు అడుగు. తోలు వాళ్ళిస్తారా, మనమే కొనుక్కోవాలా? చెప్పే మాస్టారు ఏదైనా వర్క్‌షాపులో పనిచేసి వచ్చినవాడేనా? మొదటిదానికి మనమే కొనుక్కోవాలని చెప్తే ఫీజుతో పాటు తోలు ఖర్చు కూడా నీ బడ్జెట్‌లో రాసుకో.

ఇక నాన్న మాట. దాన్ని పక్కన పెట్టి ముందుకెళ్ళలేను.

మాది వరంగల్ దగ్గర ఊరు, మాదిగ కుటుంబం. మా తాత లంద (తోళ్ళు ఊరబెట్టే తొట్టి) పెట్టి తోళ్ళు పదును చేసేవాడు. సున్నం నీళ్ళలో నానబెట్టి వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క దంచిన నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టేవాడు. కరక్కాయ కూడా వేసేవాడు. మోట బొక్కెనలు, కిర్రుచెప్పులు, ఎడ్ల పగ్గాలు అన్నీ ఆ చేతులవే. ఊరు ఆ చెప్పులేసుకుంది గానీ, చేసిన మనిషిని గడప అవతలే నిలబెట్టింది. మా నాన్న ఆ పని వదిలేసి క్లర్కు ఉద్యోగంలో చేరింది అందుకే. నేను తోలు డిజైన్ అన్నప్పుడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మీ నాన్న మాట వెనక ఉన్నది డబ్బు లెక్క ఒక్కటే కాకపోవచ్చు, నిదానంగా మాట్లాడు.

ఇక్కడికొచ్చిన రెండో ఏడు ఫ్లోరెన్స్‌కి పడమర వైపున్న సాంతా క్రోచె సుల్లార్నోకి వెళ్ళాను. ఊరు ఊరంతా తోలు శుద్ధి చేసే కార్ఖానాలే. చెట్టుచెక్క సారంతో పదును చేసే టస్కనీ తోలుకి పేరున్న ప్రాంతం అది. చెస్ట్‌నట్, మిమోసా, కెబ్రాచో చెట్ల సారంలో తోళ్ళను వారాల తరబడి ఉంచుతారు. క్రోమియం లవణాలతో చేసే క్రోమ్ తోలు ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, ఇది అలా కాదు. గేటు తీసేసరికి ఆ వాసన. తడి చెక్క, వగరు, కొంచెం పులుపు. మా తాత పంచె వాసన అది. అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. చెట్టు పేరు మారింది, ఊరు మారింది, పని అదే. మా తాత ఆరెని (తోలుకి బెజ్జం పొడిచేది) ఇక్కడ లెసీనా అంటారు, రంపెని (తోలు కోసే కత్తి) త్రించెత్తో అంటారు. ఆ రెండూ పట్టుకున్న మనిషిని మాస్ట్రో అని పిలిచి కుర్చీ వేస్తారు. మీ నాన్నకి ఈ ముక్క చదివి వినిపించు.

ఇంకోటి కూడా చెప్పు. 2025 జూన్‌లో మిలాన్ షోలో ప్రాడా వాళ్ళు అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివి మోడళ్ళకి వేసి నడిపించారు. మొదట ఆ పేరే ఎత్తలేదు. మన దగ్గర గొడవయ్యాక, అవి భారతీయ చేతిపని నుంచి వచ్చినవేనని ఒప్పుకున్నారు. కొల్హాపురికి 2019లోనే జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతాలదేనన్న ముద్ర, వచ్చింది, మహారాష్ట్రలో నాలుగు, కర్ణాటకలో నాలుగు జిల్లాలకి. మన వైపు చూడు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలకి మేక తోలుని వెలుతురు సోకేంత పలచగా గీకే చేతులున్నాయి. ఆ పనికే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. నీ పోర్ట్‌ఫోలియోలో ప్యారిస్ షోల నకలు పెట్టకు, వాటిని వీళ్ళు రోజూ చూస్తారు. నిమ్మలకుంటకి వెళ్ళు, నాలుగు రోజులుండు, వాళ్ళు ఎలా గీకుతారో ఫోటోలతో, కొలతలతో రాసి పెట్టు. ఎవరి దగ్గర నేర్చుకున్నావో వాళ్ళ పేరు కింద వెయ్యి, వాళ్ళ అనుమతితో. పాడైపోయిన నమూనాల ఫోటోలు కూడా ఉంచు. ఇంటర్వ్యూలో వాటి గురించే ఎక్కువసేపు అడుగుతారు.

ఇప్పుడు మిలాన్, ఫ్లోరెన్స్. బ్యాగులు, తోలు వస్తువులైతే ఫ్లోరెన్స్ చుట్టుపక్కలే మంచిదని నా అభిప్రాయం. స్కాందిచ్చిలో పెద్ద బ్రాండ్ల పని చేసే చిన్న చిన్న వర్క్‌షాపులు ఎన్నో. గూచీ వాళ్ళు 2018లో ఇక్కడే ఆర్ట్‌ల్యాబ్ అనే తమ పెద్ద వర్క్‌షాపు పెట్టారు. 1986లో మొదలైన పోలిమోదా ఫ్యాషన్ స్కూలు ఫ్లోరెన్స్‌లోనే ఉంది. ఫ్లోరెన్స్ ఊళ్ళోనే ఉన్న సాంతా క్రోచె చర్చి వెనకాల స్కూలా దెల్ కుఓయో, అంటే తోలు బడి, ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అనాథ పిల్లలకి బతుకుతెరువు నేర్పడానికి 1950లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు, తోలు పని చేసే రెండు కుటుంబాలు కలిసి పెట్టింది. అక్కడ చేతిపని నేర్పిస్తారు, కొద్ది రోజుల కోర్సులు కూడా ఉంటాయి. చూడ్డానికి లోపలికి రానిస్తారు, వచ్చిన వారంలోనే వెళ్ళు.

చెప్పుల ప్యాటర్న్ మీదే మనసుంటే మిలాన్‌లో ఆర్స్ సూతోరియా అనే స్కూలు ఉంది, 1947 నుంచి. కోర్సులు చిన్నవి, పని గట్టిగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో యూనివర్సిటీ డిగ్రీయే కావాలంటే పొలితెక్నికో ది మిలానోలో ఫ్యాషన్ సిస్టమ్ డిజైన్ మాస్టర్స్ ఉంది. అది ప్రభుత్వ యూనివర్సిటీ, ఏడాది ఫీజు నాలుగు వేల యూరోల లోపే. కుటుంబ ఆదాయం తక్కువని కాగితాలతో చూపిస్తే ఇంకా తగ్గుతుంది. ప్రైవేటు స్కూళ్ళలో ఏడాదికి ఇరవై వేల యూరోలు దాటేవీ ఉన్నాయి. ముప్ఫై లక్షల్లో ఎక్కువ భాగం అక్కడే పోతుంది. లండన్ అనుకునేవాళ్ళకి లండన్ కాలేజ్ ఆఫ్ ఫ్యాషన్‌లో కార్డ్‌వైనర్స్ ఉంది, 1887 నాటి తోలు స్కూలు అది, పేరున్న చెప్పుల డిజైనర్ జిమ్మీ చూ చదివింది అక్కడే.

నీకు ఫుట్‌వేర్ డిగ్రీ ఉంది కాబట్టి ఒక చిన్న హెచ్చరిక. మన దగ్గర 7 నంబరు అంటే ఇంగ్లిష్ లెక్క, ఒక్కో సైజుకీ తేడా 8.46 మిల్లీమీటర్లు. ఇక్కడి లెక్క ప్యారిస్ పాయింట్, ఒక్కో సైజుకీ 6.67 మిల్లీమీటర్లు. ప్యాటర్న్ సైజులు పెంచేటప్పుడు చెయ్యి పాత లెక్కకే పోతుంది. నా స్నేహితురాలు ఒకామె మొత్తం సెట్ అలా మళ్ళీ కోయాల్సొచ్చింది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. సీటు ఒప్పుకునేముందు ఆ కోర్సుకి ఇటలీ విశ్వవిద్యాలయాల మంత్రిత్వశాఖ గుర్తింపు ఉందా అని కాలేజీని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకో. డిగ్రీ కోర్సులకి యూనివర్సిటాలీ పోర్టల్‌లో ముందస్తు నమోదు చెయ్యాలి. దిగాక ఎనిమిది పనిదినాల్లో పోస్టాఫీసులో పెర్మెస్సో (ఇక్కడ ఉండే పర్మిట్) కిట్ తీసుకుని అప్లై చెయ్యాలి, 16 యూరోల స్టాంపు పొగాకు కొట్లో దొరుకుతుంది. ప్రభుత్వ వైద్యసేవలో చేరాలంటే 2024 నుంచి విద్యార్థికి ఏడాదికి 700 యూరోలు. చదువుతూ వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చు. గుర్తింపున్న డిగ్రీ అయితే చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి పన్నెండు నెలల దాకా ఆగొచ్చు. నేను పోగొట్టుకున్నది సరిగ్గా ఇదే.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. 2024 నుంచి లగ్జరీ బ్యాగుల ఆర్డర్లు తగ్గాయి. స్కాందిచ్చిలో కొన్ని వర్క్‌షాపులు మూతపడ్డాయి, కొన్నింట్లో పనివాళ్ళని సగం రోజులే రమ్మంటున్నారు. డిజైనర్ అన్న పేరుతో ఉద్యోగం దొరకడం ఎప్పుడూ కష్టమే, ఇప్పుడు మరీ. దొరికే అవకాశం ఉన్నది మోదెల్లిస్తా పని. అంటే డిజైనర్ గీసిన బొమ్మని కొలతల్లోకి, ముక్కల్లోకి మార్చే ప్యాటర్న్ పని. పాతవాళ్ళు రిటైరవుతున్నారు, కొత్త పిల్లలు తక్కువ. దానికి చేతిపని, క్యాడ్ (కంప్యూటర్ మీద ప్యాటర్న్ గీయడం), ఇటాలియన్ భాష మూడూ కావాలి. భాషని తక్కువ చేసి చూడకు. కోర్సు ఇంగ్లిష్‌లోనే కావచ్చు, వర్క్‌షాపులో డెబ్భై ఏళ్ళ మాస్ట్రోకి ఇంగ్లిష్ రాదు. ఇక్కడే పనిబల్ల దగ్గర నిలబెట్టి నేర్పే ఐటీఎస్ అకాడెమీల్లాంటి టెక్నికల్ కోర్సులు ఇటాలియన్‌లోనే జరుగుతాయి, ఫీజు దాదాపు ఉండదు. వీసాకి ఎదురుచూసే నెలల్లోనే ఇటాలియన్‌లో బీ1 స్థాయికి, అంటే రోజువారీ మాటలు నడిచే మధ్యస్థాయికి, కష్టపడు. తోమాయా, ఫోర్మా, సువోలా, తాక్కో — పైతోలు, చెక్క అచ్చు, అడుగు, మడమ — ఈ మాటలతో మొదలుపెట్టు.

సామాన్లో పచ్చళ్ళకి చోటు ఎలాగూ ఉంచుకుంటావు. ఒక మంచి ఆరె, నీ చేతికి అలవాటైన కత్తి చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకో. ఇక్కడివి బాగుంటాయి గానీ అలవాటు పడటానికి టైం పడుతుంది. ఇంకా మూడు నెలలుంది కాబట్టి ఒకసారి చెన్నై పెరియమేట్ తోలు బజారుకి వెళ్ళి రకానికో చదరపు అడుగు చొప్పున తోలు కొను. మేక, గొర్రె, గేదె, ఆవు. రోజూ కోసి, మడిచి, రెండు సూదులతో కుట్టు. ఫ్లోరెన్స్‌లో చెప్పుల డిజైనర్ ఫెరగామో పేరుతో ఉన్న మ్యూజియం చూడ్డానికి నేను తీసుకెళ్తాను, సినిమా తారల పాదాలకి చేసిన చెక్క అచ్చులు వరసగా ఉంటాయి. ఒక్కో అచ్చు మీద ఎక్కడెక్కడ తోలు ముక్క అతికించి పాదాన్ని సరిచేశాడో నీ కళ్ళతో చూడాలి.

ఈ రాత్రే రెండు కాలేజీలకీ ఆ మూడు ప్రశ్నలు, గుర్తింపు ప్రశ్న కలిపి మెయిల్ పంపు. వాళ్ళేం రాశారో నాకు పంపించు, అడ్వాన్సు కట్టేముందు కూర్చుని చూద్దాం. నాన్నతో మాట్లాడమంటే మాట్లాడతాను, ఆదివారం నాకు సెలవు.