తొంభై ఒకటో రోజు పొద్దున

అమ్మలూ,

విజయవాడలో ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసు పట్టావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. పాత ఉగ్రవాద చట్టాల్లో టాడా 1995లో పోయింది, పోటా 2004లో పోయింది. వాటి కోరలు మాత్రం 1967 నాటి ఈ చట్టానికి మొలిచాయి.

వకాలత్ మీద ముద్దాయి సంతకం జైలు సూపరింటెండెంట్ అటెస్టేషన్‌తో తెచ్చుకో. ఆ మనిషిని ఎందుకు అరెస్టు చేశారో ఆ కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారో లేదో చూడు. ఇవ్వలేదనే 2024లో ప్రబీర్ పుర్కాయస్థ అరెస్టు, రిమాండు చెల్లవంది సుప్రీంకోర్టు. ఎవరికైనా సరిపోయే నాలుగు పొడి ముక్కలు చాలవు.

ఉపా సెక్షన్ 43డి(5) సంగతి నీకు తెలిసిందే. ఆరోపణ పైకి నిజమనిపిస్తే బెయిల్ లేదు. 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన వటాలీ తీర్పు తర్వాత సాక్ష్యాన్ని తరచి చూడమని అడగడమూ కష్టమే. అందుకే డిఫాల్ట్ బెయిల్ మీద కన్నేసి ఉంచు: 90 రోజుల గడువులో ఛార్జిషీటు వేయకపోతే హక్కుగా వచ్చే బెయిల్ అది. మన కుర్ర లాయర్లు దాన్ని చేజార్చుకునేది తేదీ లెక్కలోనే. లెక్క అరెస్టు నుంచి కాదు, మొదటి రిమాండు నుంచి. ఆ రోజునీ కలపాలని 2023లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీలు తేల్చారు. జనవరి 10న రిమాండైతే ఆ నెలలో 22, ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 9తో 90 నిండాయి. లీపు ఏడాదైతే 8తోనే. గడువు పెరగక, ఛార్జిషీటు పడకపోతే మర్నాడు కోర్టు తెరవగానే నీ పిటిషన్ పడాలి. భోజనాలయ్యాక వేద్దామనుకున్నావో, ఈలోపు ఛార్జిషీటు పడిందో, ఆ హక్కు ఇక లేదు. నీది ముందు పడితే తర్వాత ఏం పడినా హక్కు పోదు. అందుకే పిటిషన్ మీద వేసిన వేళ రాయించుకో. జామీనుదారులను ముందు రోజే సిద్ధంగా ఉంచు. పూచీకత్తు ఆలస్యమైతే గెలిచిందీ పోతుంది.

గడువును 180 రోజులకు పెంచమని పోలీసుల వైపు నుంచి అడుగుతారు. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) సొంత బుర్రతో రాసిన రిపోర్టు ఉండాలి: దర్యాప్తు ఎంతవరకు వచ్చింది, మనిషిని ఇంకా లోపలే ఎందుకు ఉంచాలి. దర్యాప్తు అధికారి అర్జీకి సంతకం పెట్టి పంపితే గట్టిగా అడ్డం పడు. ముద్దాయిని హాజరుపరచకుండా, చెప్పకుండా పెంచితే చెల్లదని 2022లో జిగర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేజిస్ట్రేటు పెంచినా చెల్లదు.

ఇది మాత్రం కోప్పడి చెబుతున్నా. కేసు కాయితాలు తప్ప ముద్దాయి ఇంటి పుస్తకం, పెన్‌డ్రైవ్, ఫోను ఏదీ నీ గదిలో ఉండకూడదు. లాయరువని సోదా ఆగదు తల్లీ. ఈ ఒక్కదానికే నాకు నిద్ర పట్టడం లేదు.

ప్రత్యేక కోర్టు బెయిల్ కొట్టేస్తే 30 రోజుల్లో నేలపాడు హైకోర్టులో అప్పీలు వెయ్యి. ఇద్దరు జడ్జీల బెంచి ముందుకే. మామూలు బెయిల్ పిటిషన్‌లా ఒక్క జడ్జి ముందు కాదు. విచారణ ఏళ్లు సాగితే, అలాంటప్పుడు బెయిల్ ఇవ్వొచ్చన్న 2021 సుప్రీంకోర్టు నజీబ్ తీర్పు పట్టుకెళ్లు.

నీ పెదనాన్న,
గుంటూరు